తాళం "చెవి"కీ లాటిన్‌కీ చుట్టరికం ఉందా?

వాల్తేరు_అప్‌లాండ్స్
తెలుగు మాటల ప్రదర్శన కోసం ఒక్కో అట్ట మీద ఒక్కో మాట, దాని కింద రెండు వాక్యాలు రాస్తున్నాం. "తాళం చెవి" దగ్గర గొడవ తెగట్లేదు. ఒక వివరణ "తాళానికి చెవిలా ఉంటుంది కాబట్టి చెవి" అంటుంది. ఇంకోటి "లాటిన్ క్లావిస్, పోర్చుగీసు షావ్, తెలుగు చెవి" అని మూడు ముక్కల్లో తేల్చేస్తుంది. నా అభ్యంతరాలు మూడు. క్లావిస్‌లో "క్లా" ఏమైపోయింది? పోర్చుగీసువాళ్ళు "షావ్" అంటుంటే మనకి "చ" ఎక్కడిది? వైజాగులో వాళ్ళ కోటంటూ కనపడదు, మరి మాట ఏ దారిన వచ్చింది? "అలా అంటారండీ" అనే జవాబులు వద్దు, మెట్టు మెట్టుగా కావాలి.

జగదాంబ_జంక్షన్
చెవి మెలిపెడితే దారికొస్తుంది కాబట్టి చెవి. అట్ట మీద ఇదే రాసేయండి, పిల్లలకి గుర్తుంటుంది.

డాల్ఫిన్‌నోస్
మొదటి అభ్యంతరంతో మొదలెడతాను. "క్లా" "చా" కావడం ఈ ఒక్క మాటకే పట్టిన వింత కాదు. లాటిన్ మాట మొదట్లో క్ల, ప్ల, ఫ్ల ఏది ఉన్నా పాత పోర్చుగీసులో "చ" అయిపోయిన మాటల వరస ఒకటి ఉంది. పిలవడం: క్లామారె, చమార్. వాన: ప్లువియా, చూవ. మంట: ఫ్లమ్మా, చామ. నిండు: ప్లేనుస్, చేయు. ఇవే స్పానిష్‌లో "ల్య"తో మొదలవుతాయి: ల్యమార్, ల్యూవియా, ల్యమా, ల్యేనో. ఇటాలియన్‌లో మొదటి హల్లు నిలబడి లకారం మాత్రం యకారమైంది: క్యమారె, ఫ్యమ్మా, ప్యేనో. ఒకే చోట మూడు భాషలూ మూడు దారులు పట్టాయన్నమాట.

ఇప్పుడు మన మాట. నిఘంటువులో కనపడే "క్లావిస్" దగ్గర మొదలెడితే లెక్క కుదరదు, అక్కడే చాలామంది తప్పుతారు. ఈ భాషల్లోకి దిగినది ద్వితీయా విభక్తి రూపం, క్లావెమ్. చివరి "మ్" చాలా ముందే రాలిపోయింది. మిగిలిన క్లావె స్పానిష్‌లో ల్యావె, ఇటాలియన్‌లో క్యావె, పోర్చుగీసులో చావె, రొమేనియన్‌లో కేయె. ఫ్రెంచి మాత్రం "క్ల"ని కదపలేదు. అచ్చుని మార్చి, చివర్లో మిగిలిన "వ్"ని "ఫ్" చేసి క్లెఫ్ అంది. తర్వాత ఆ "ఫ్" కూడా పలకడం మానేసింది. అందుకే క్లెఫ్ అనీ క్లే అనీ రెండు రాతలున్నాయి, పలుకు మాత్రం క్లే ఒక్కటే.

వాల్తేరు_అప్‌లాండ్స్
బావుంది, మొదటిది తీరింది. మరి "షా" సంగతి?

డాల్ఫిన్‌నోస్
షావ్ అనేది ఇప్పటి లిస్బన్ పలుకు. 16వ శతాబ్దంలో వాళ్ళు కూడా "చ" అనే పలికేవారు, అది మెత్తబడి "ష" కావడం తర్వాతి సంగతి. ఉత్తర పోర్చుగల్ పల్లెల్లో ఇప్పటికీ "చ" వినిపిస్తుంది. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో, గోవా వాళ్ళ చేతికి వచ్చింది 1510లో. అప్పటి నావికుల నోట్లో ఉన్నది చావె. దాన్ని మరాఠీ, గుజరాతీ చావీ అన్నాయి. హిందీ చాబీ, బెంగాలీ చాబి, తమిళం సావి. లిస్బన్ పోగొట్టుకున్న ఆ పాత "చ"ని మన దేశపు భాషలు అయిదు వందల ఏళ్ళుగా దాచుకున్నాయి. నన్నడిగితే ఆ అట్ట మీద ఉండాల్సిన అసలు విషయం ఇదే.

ఎంవీపీ_సెక్టార్
ఇది తెలీదు! హిందీ చాబీలో "బ" ఎందుకొచ్చింది మరి?

డాల్ఫిన్‌నోస్
వ, బ ఒకదాని చోట ఒకటి రావడం ఉత్తరాదిన మామూలే. బెంగాలీలో "వ" పలుకే నిలవదు. అందులో వింతేమీ లేదు.

భీమిలి_గాలి
మూడో అభ్యంతరానికి. మాట రావడానికి కోట అక్కర్లేదు. మన తీరం పొడవునా రేవుల్లో చాలాకాలం బేరాలు నడిచింది విరిగిన పోర్చుగీసులోనే. తర్వాత వచ్చిన డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కూడా దుబాసీలతో అదే మాట్లాడేవారు. మా భీమిలిలో సమాధులున్నవి డచ్చివాళ్ళవి, కానీ వాళ్ళ భాషలో తాళం చెవి "స్లూటెల్". అది మన దగ్గర ఎక్కడా మిగల్లేదు. పోర్చుగీసు మాటలు మిగిలాయి: మేస్త్రి (వాళ్ళ మెస్త్రె, లాటిన్ మజిస్తెర్), పాద్రీ, పీపా. గిడ్డంగి తాళాలు, పీపాల లెక్కలు, మేస్త్రి పని, అన్నీ రేవులో ఒకే చోట ఉండేవే కదా. మాటలు కూడా కట్టకట్టుకుని వచ్చాయి.

సింహాచలం_సంపెంగ
పోర్చుగీసు దాకా డాల్ఫిన్‌నోస్ గారు మెట్టు మెట్టుగానే వచ్చారు. తెలుగు దగ్గరికి వచ్చేసరికి గోడ దూకేశారు. చావీ, చాబీ, సావి, అన్నిట్లోనూ దీర్ఘం ఉంది. మనకొక్కళ్ళకే "చె" ఎందుకైంది? దీర్ఘం పోవాలి, ఆకారం ఎకారం కావాలి. ఈ రెండూ ఏ నియమంతో జరిగాయి?

ఇంకో పక్క మన సొంత వివరణ బలంగానే ఉంది. బాణలికి చెవులుంటాయి, గంగాళానికి చెవులుంటాయి. పట్టుకునే చోటుని చెవి అనడం మన అలవాటు. కన్నడంలో తాళం చెవిని "బీగద కై" అంటారు, అంటే తాళపు చెయ్యి. దక్షిణాది భాషలు ఈ వస్తువుకి ఒంట్లో భాగం పేరు పెట్టడానికి లిస్బన్ నుంచి ఓడ రానక్కర్లేదు.

కురుపాం_మార్కెట్
సంపెంగ గారూ, బాణలి చెవి బాణలికి అతికి ఉంటుంది, బాణలిలో ఒక ముక్క. తాళం చెవి తాళానికి అతికి ఉండదు, వేరే వస్తువు. పోనీ పిడిని చూసి ఆ పేరు పెట్టారనుకుందాం. అప్పుడు పిడి ఒక్కదానికే చెవి అని పేరుండాలి. కాని పిడి, కాడ, పళ్ళు మూడూ కలిపిన మొత్తాన్నే చెవి అంటున్నాం. పిడిని పిడి అనే అంటాం.

సింహాచలం_సంపెంగ
ముక్క పేరు మొత్తానికి ఎక్కడం భాషలో లేనిదేం కాదు. అయినా మీ మాటలో పస ఉంది, ఆలోచిస్తాను.

డాల్ఫిన్‌నోస్
గోడ దూకలేదండీ. అక్కడ జరిగింది నియమబద్ధమైన ధ్వని మార్పు కాదు. పరాయి మాట చెవిన పడగానే నోరు దాన్ని తెలిసిన మాటలోకి లాక్కుంటుంది. కాపలావాడి ఇంగ్లీషు కేక "హూ కమ్స్ దేర్" మన సిపాయిల నోట "హుకుందార్" అయింది, ఎందుకంటే హుకుం అనే మాట ముందే తెలుసు. చావి వినగానే చెవి గుర్తుకు రావడం అలాంటిదే. కన్నడంలో చెవిని "కివి" అంటారు. అది చావికి దగ్గరగా లేదు, అందుకే "బీగద కివి" అని ఎవరూ అనరు.

సింహాచలం_సంపెంగ
మరి మలయాళం? అక్కడ చెవి అచ్చంగా "చెవి"యే. ఉత్తర కేరళలో తాళం చెవిని "చావి" అని కూడా అంటారు. రెండు మాటలూ పక్కపక్కనే బతుకుతున్నాయి, కలిసిపోలేదు. తమిళంలోనూ సెవి వేరు, సావి వేరు. మీరన్నట్టు నోరు లాక్కునేదైతే అక్కడెందుకు లాక్కోలేదు?

డాల్ఫిన్‌నోస్
గట్టి ప్రశ్న. ఒప్పుకుంటున్నాను, చెవి ఒక్కటే అయితే నా వాదన చాలదు.

అరకు_రైలు
మీరిద్దరూ ఒకటి మర్చిపోతున్నారు. "తాళం చేతులు అప్పగించారు" అని పత్రికల్లో రోజూ చూస్తాం. తాళం చెవులు అనేవాళ్ళున్నారు, తాళం చేతులు అనేవాళ్ళూ ఉన్నారు. అది కన్నడం బీగద కైకి సరిజోడు.

డాల్ఫిన్‌నోస్
అరకు_రైలు గారూ, ముడి విప్పారు. ఇలా చూడండి. మన "చెయ్యి" కన్నడ తమిళాల్లో "కై". మన "చెవి" కన్నడంలో "కివి". ఎ, ఇ లాంటి అచ్చు ముందు కకారం తెలుగులో చకారం అవుతుంది, ఈ రెండు మాటలూ ఆ దారినే వచ్చాయి. (లాటిన్ "క్ల" పోర్చుగీసులో "చ" అయినప్పుడు కూడా నాలుక అంగిలి వైపు ఇలాగే జరిగింది. రెండు భాషలు, సంబంధం లేకుండా, ఒకే పని చేశాయి.) అంటే మన దగ్గర ముందే "తాళపు చెయ్యి" అనే మాట ఉండి ఉంటే, రేవులోంచి "చావి" వచ్చి దాన్ని తగిలితే, రెంటికీ మధ్యలో "చెవి" పడుతుంది. చెయ్యిలోని "చె", చావిలోని "వి". కన్నడంలో కై అలాగే ఉండిపోయింది, దానికీ చావికీ పోలికే లేదు. తమిళ మలయాళాల పాత మాటలు తిఱవుకోల్, తాక్కోల్, రెంటి చివరా ఉన్న "కోల్" అంటే కర్ర. అవి కూడా చావికి దగ్గరగా రావు. తెలుగు దగ్గరే ఈ తగులుడుకి వీలుంది.

ఇది నా ఊహ. రుజువని అనను.

సింహాచలం_సంపెంగ
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. దీన్ని పరీక్షించే దారి కూడా ఉంది. 1498 కంటే ముందరి కావ్యంలోనో శాసనంలోనో తాళం చెవి అనే అర్థంలో "చెవి" దొరికితే పోర్చుగీసు కథ అక్కడికి ముగిసినట్టే. "చెయ్యి" ఒక్కటే దొరికితే మీ ఊహకి బలం.

వెతికేవాళ్ళకి జాగ్రత్తలు. ఆంధ్రభారతి వెబ్‌సైటు నిఘంటువుల్లో "తాళంచెవి" అని మాత్రం కొట్టి ఏమీ రాలేదని వదిలేయకండి. పాత రాతలో తాళపు తర్వాత అరసున్న వచ్చి చకారం జకారం అవుతుంది: తాళపుఁజెవి. "తాళపుజెవి" అని అరసున్న లేకుండా కూడా కొట్టి చూడండి. బీగముతో కూడా అన్ని రూపాలూ చూడాలి. సూర్యరాయాంధ్ర నిఘంటువులో ఆరోపం (అర్థం ఇచ్చే తలమాట) కింద ప్రయోగం ఉంటే అది ఏ కావ్యంలోదో చూసి, ఆ కవి కాలం విడిగా సరిచూసుకోవాలి. నిఘంటువు అచ్చయిన సంవత్సరాన్ని మాట వయసుగా తీసుకోవడం అందరూ చేసే తప్పు.

షిప్‌యార్డ్_ఫిట్టర్
మీ తెలుగు గొడవ మధ్యలో ఒక పనికొచ్చే ముక్క. ఈ క్లావిస్ పిల్లలు యంత్రాల మాన్యువళ్ళ నిండా ఉంటారు, అక్కడ అర్థం తాళం చెవి కాదు, పానా. ఇటాలియన్ డ్రాయింగ్‌లో "క్యావె 17" అంటే 17 మిల్లీమీటర్ల స్పానర్. ఎం10 (10 మిల్లీమీటర్ల మర) బోల్టు తల పాత డిన్ (జర్మన్ ప్రమాణం) కొలతలో 17, ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) కొలతలో 16. అందుకని మాన్యువల్‌లో 17 అని ఉన్నా చేతిలో ఉన్న బోల్టుని కొలిచి పానా పెట్టండి, లేకపోతే మూలలు అరిగిపోయి తల గుండ్రం అయిపోతుంది. ఎం12కీ అదే తేడా, 19, 18. "క్యావె దినమోమెత్రిక" టార్క్ రెంచి. ఫ్రెంచిలో అదే "క్లే దినమోమెత్రిక్". పోర్చుగీసు "చావె దె ఫెండ" అంటే స్క్రూడ్రైవర్.

ప్రమాదం స్పానిష్‌తో. "ల్యావె" అంటే నీటి కొళాయి కూడా. "ల్యావె దె పాసో" లైన్ మూసే వాల్వు. ఫోన్లో తర్జుమా చేస్తే "తాళం చెవిని మూయండి" అని వస్తుంది, చదివినవాడు ప్యానెల్ తాళం కోసం వెతుకుతాడు, ఈలోపు లైను తెరిచే ఉంటుంది.

కురుపాం_మార్కెట్
షాఫ్టుకీ పుల్లీకీ మధ్య కొట్టే కీని ఏమంటారు అక్కడ?

షిప్‌యార్డ్_ఫిట్టర్
ఇటాలియన్‌లో "క్యవెత్త", చిన్న చెవి. ఫ్రెంచి "క్లవెత్". షాఫ్టు మీద పుల్లీ జారకుండా రెండు గాళ్ళ మధ్య కూర్చునే ఇనుప ముక్క. ఇటాలియన్‌వాళ్ళు పెన్‌డ్రైవుని కూడా క్యవెత్తా అనే అంటారు.

జగదాంబ_జంక్షన్
అయితే అక్కడ "క్యవెత్త పోయింది" అంటే ఇల్లు తెరుచుకోదా, పుల్లీ తిరగదా, ఫైళ్ళు పోయాయా?

కేజీహెచ్_డౌన్
మూడూ కాకపోతే భుజం చూపించుకోవాలి. కాలర్ బోన్ "క్లావికిల్", లాటిన్ క్లావికులా, చిన్న తాళం చెవి. చెయ్యి పైకెత్తుతుంటే ఆ ఎముక తన ఇరుసు మీద తాను తిరుగుతుంది, తాళంలో చెవి తిరిగినట్టే. ఎస్ ఆకారపు వంకర కూడా పాత తాళం చెవుల్లాగే ఉంటుంది. దాని కిందగా పోయే రక్తనాళం "సబ్‌క్లేవియన్", అంటే "తాళం చెవి" ఎముక కిందది. మెడ పక్కన తాడులా తేలే కండరం పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్, అందులో "క్లైడో" అదే ఎముక. కాకపోతే అది లాటిన్ కాదు, గ్రీకు "క్లైస్".

డాల్ఫిన్‌నోస్
గ్రీకు క్లైస్ లాటిన్ క్లావిస్‌కి తోబుట్టువు, తల్లి కాదు. రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయి. ఆ గ్రీకు మాటే పారసీకంలోకి వెళ్ళి "కలీద్" అయింది, తురుష్క భాషలో "కిలిత్" అయి ఏకంగా తాళం అనే అర్థం తెచ్చుకుంది.

మద్దిలపాలెం_మైక్రో
ఆటోక్లేవ్ వదిలేశారు. గ్రీకు "ఆటో", లాటిన్ "క్లావిస్": తనకి తానే తాళం వేసుకునేది. ఆవిరి ఒత్తిడి మూతని లోపలి నుంచి అంచుకి నొక్కి పట్టేస్తుంది, ఒత్తిడి దిగేదాకా మూత రాదు. లోపలి మూత ఉన్న హాకిన్స్ కుక్కర్‌లో కళ్ళారా చూడొచ్చు. పాశ్చర్ దగ్గర పనిచేసిన చాంబర్లాండ్ 1879లో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రంగా తయారుచేశాడు. ఇప్పుడు ల్యాబుల్లో ఉన్నవాటిలో చాలావాటికి మూత పైనుంచి మరలతో బిగిస్తారు, పేరు మాత్రం మారలేదు.

వాడేవాళ్ళకి ఒక్క మాట: 15 పౌండ్ల ఒత్తిడిలో 121 డిగ్రీలు అనేది లోపల ఉన్నది పూర్తిగా ఆవిరైతేనే. గాలి పోకుండా వాల్వు మూసేస్తే ముల్లు 15 చూపిస్తుంది, వేడి 100 దగ్గరే ఆగిపోతుంది. ఆవిరి ఆగకుండా ధారగా వచ్చేదాకా వాల్వు తెరిచి ఉంచి, మూశాక 121 తగిలిన క్షణం నుంచి 15 నిమిషాలు లెక్కపెట్టాలి.

ఎంవీపీ_సెక్టార్
మధురవాడ వైపు ప్రతి రెండో అపార్టుమెంటూ "ఎన్‌క్లేవ్" కదా. అదీ ఇదేనా?

భీమిలి_గాలి
ఇదే. తాళం వేసి లోపల ఉంచినది అని అర్థం, ఫ్రెంచి మీదుగా వచ్చింది. అసలైన ఎన్‌క్లేవ్ చూడాలంటే యానాం వెళ్ళండి. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరిది, 1954 దాకా ఫ్రెంచివాళ్ళది. "కాన్‌క్లేవ్" కూడా అంతే: తాళం చెవితో మూసిన గది. 1268లో ఇటలీలోని వితెర్బోలో పోపు ఎన్నిక మొదలై ఎంతకీ తేలకపోతే ఊరివాళ్ళు కార్డినళ్ళని (పోపుని ఎన్నుకునే చర్చి పెద్దల్ని) లోపల పెట్టి తాళం వేశారు. 1271లో గానీ తేలలేదు. 1274లో దాన్నే నియమం చేశారు. బీచ్ రోడ్డు హోటళ్ళలో జరిగే కాన్‌క్లేవులకి తలుపులు తెరిచే ఉంటాయి, ఆ మాట అక్కడ అతకదు.

అరకు_రైలు
కీలకం, కీలు, ఇంగ్లీషు కీ?

డాల్ఫిన్‌నోస్
వాటిని ఈ కుటుంబంలో కలపకండి. కీలకం, కీలు సంస్కృతం "కీల" నుంచి, మేకు, శీల అని అర్థం. ఇంగ్లీషు కీ జర్మానిక్ మాట, క్లావిస్‌తో పనిలేదు. ఇంగ్లీషులో లవంగాన్ని "క్లోవ్" అంటారు, అదీ క్లావిస్ కాదు, పక్కింటి "క్లావుస్", మేకు. లవంగం చూస్తే చిన్న మేకులాగే ఉంటుంది కదా.

కురుపాం_మార్కెట్
అప్‌లాండ్స్ గారూ, అట్ట పక్కన నిజం తాళం పెడితే బావుంటుంది. గుండ్రటి పిడి, బోలు కాడ ఉన్న పాత ఇనుప చెవి చూడండి, పిల్లలకి పిడి, కాడ, పళ్ళు విడివిడిగా కనపడతాయి. తిప్పి చూడ్డానికి నకలు కావాలంటే అసలు చెవి నుంచే కోయించండి. నకలుకి నకలు తీస్తే అరుగుదల కూడా అందులోకి ఎక్కుతుంది. ఇప్పటి చదును చెవులైతే పిడి దగ్గరి మెట్టు అసలుకీ నకలుకీ ఒకే వరసలో ఉండేలా బిగించారో లేదో చూసుకోండి. ఆ వరస తప్పితే పళ్ళన్నీ చోటు తప్పుతాయి, చెవి దూరుతుంది గానీ తిరగదు.

వాల్తేరు_అప్‌లాండ్స్
అందరికీ దండాలు. అట్ట మీద ఇలా రాశాను, చూడండి:

"లాటిన్ క్లావిస్ పోర్చుగీసులో చావె అయి, 16వ శతాబ్దంలో ఓడలెక్కి వచ్చి మరాఠీలో చావీ, హిందీలో చాబీ, తమిళంలో సావి అయింది. తెలుగులో అది మన తాళపు చెయ్యితో కలిసి తాళం చెవి అయింది."

సింహాచలం_సంపెంగ
మొదటి వాక్యం ముట్టుకోకండి. రెండో వాక్యంలో "అయింది" ఒప్పుకోను, పాత ప్రయోగాలు ఇంకా చూడలేదు. "అయి ఉండవచ్చు" పెట్టండి.

డాల్ఫిన్‌నోస్
సంపెంగ గారి మాటే నాదీ.

వాల్తేరు_అప్‌లాండ్స్
మార్చాను. తాళంతో పాటు పక్కన చెవుల బాణలి కూడా పెడుతున్నాం.